కిన్వట్ జిన్నింగు మిల్లు: హాజరీ బుక్కు నుంచి సాఫ్ట్‌వేర్‌కి, ప్రాజెక్టు డైరీ

నాందేడ్ జిల్లా కిన్వట్ దగ్గరి ఒక పత్తి జిన్నింగు-ప్రెస్సింగు మిల్లులో హాజరీ ఇన్నేళ్ళూ మునీమ్ (లెక్కలు రాసే గుమాస్తా) చేతిరాతలోనే నడిచింది. ఈ సీజను నుంచి దాన్ని ఫ్రాపే హెచ్‌ఆర్ అనే సిబ్బంది హాజరీ సాఫ్ట్‌వేర్ వెర్షన్ 15లోకి మార్చే పని ఇది. జిన్ను, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే యంత్రం, మీద మూడు జట్లు, జట్టుకు పద్నాలుగు మంది. నలుగురు ఫిట్టర్లు. కాంటా (తూకం), ఆఫీసు కలిపి ఏడుగురు. వీళ్ళు కాక వాచ్‌మన్లు, హమాలీలు. చాలామంది ఆదిలాబాద్ వైపు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళే. మాట్లాడేది తెలుగు, కాగితాలు మరాఠీలో.

సెట్టింగులన్నిటికీ ఒకటే నియమం పెట్టుకున్నాం: పనిచేసిన మనిషికి గైర్హాజరు పడకూడదు. అనుమానం ఉన్న చోట గడి ఖాళీగా ఉండాలే తప్ప తప్పుడు అక్షరంతో నిండకూడదు. ఖాళీ గడి నెలాఖరున కళ్ళబడుతుంది, తప్పుగా నిండినది పగారు చేతికొచ్చాక గానీ బయటపడదు.

2025 అక్టోబరు మొదటి వారం: ముందు కాగితం మీద

కంప్యూటరు తెరవకముందే గంటలు తేల్చుకున్నాం. ఏ షిఫ్టు పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా, బి 2 నుంచి రాత్రి 10, సి రాత్రి 10 నుంచి పొద్దున 6. జనరల్ షిఫ్టు 9 నుంచి 5.30. ప్రతి షిఫ్టులోనూ అరగంట విరామం ఉంది. అప్పటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం వరసగా 5 గంటలు పనిచేయించాక అరగంటైనా విరామం ఇవ్వాలి, వారం మొత్తం 48 గంటలు దాటకూడదు. మూడు షిఫ్టుల వాళ్ళకు విరామం తీసేస్తే రోజుకు ఏడున్నర, ఆరు రోజులకు 45 గంటలు. జనరల్ వాళ్ళకు రోజుకు 8, వారానికి సరిగ్గా 48. అంటే జనరల్ షిఫ్టులో పావుగంట ఎక్కువ ఆపినా అది ఓవర్‌టైమే. ఈ సంగతి ఆఫీసులో ముందే చెప్పి ఒప్పించాలి, లేకపోతే రిపోర్టు చూసిన రోజు గొడవ మొదలవుతుంది.

జట్లు వారం వారం మారతాయి, ఆదివారం జిన్ను ఆగుతుంది. ఏ తర్వాత బి, బి తర్వాత సి, సి తర్వాత మళ్ళీ ఏ అని తిప్పడం అందరికీ అలవాటు. ఆ వరసను గంటల్లో వేసి చూస్తే తేడా తెలుస్తుంది. సి షిఫ్టు శనివారం రాత్రి ఎక్కి ఆదివారం పొద్దున 6కి దిగుతుంది. సోమవారం పొద్దున 6కే ఏ షిఫ్టు ఎక్కాలంటే మధ్యలో దొరికేది 24 గంటలు మాత్రమే. ఆదివారం పొద్దున గంటసేపు ఎక్కువ ఆపితే ఆ 24 కూడా మిగలవు. అదే వరసను వెనక్కి తిప్పితే, సి నుంచి బికి 32 గంటలు, బి నుంచి ఏకి 32, ఏ నుంచి సికి 56 గంటల తెరిపి దొరుకుతుంది. మనుషులు వాళ్ళే, గంటలు అవే, మారింది వరస ఒక్కటే. అందుకని సి, బి, ఏ వరస ఖాయం చేశాం. మేస్త్రీ మొదట పెదవి విరిచినా, 24, 32 అంకెలు పక్కపక్కన రాసి చూపించాక తనే జట్లకు చెప్పాడు.

హమాలీల కూలి బేళ్ళ (ప్రెస్సులో నొక్కి కట్టిన దూది మూటల) లెక్కన పడుతుంది, బేలు 170 కిలోలు. వాళ్ళ పగారుకు గంటలతో పని లేదు. అయినా గేటు దగ్గర పంచ్ (మెషీన్ మీద వేలు గానీ కార్డు గానీ పెట్టి వచ్చిన, పోయిన సమయం ఎక్కించడం) మాత్రం వాళ్ళకూ పెట్టాం. పత్తి మిల్లులో నిప్పు పుడితే లోపల ఎంతమంది ఉన్నారో క్షణాల్లో చెప్పగలగాలి. ఆ ఒక్క కారణం చాలు.

రాత్రి షిఫ్టు తారీకు

వాచ్‌మన్ అడిగిన ప్రశ్న ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ముఖ్యమైనది: "సార్, రాత్రి పదింటికి ఎక్కినోళ్ళు పొద్దున దిగుతరు గదా, హాజరీ ఏ తారీకుల రాయాలె?"

చేతి బుక్కులో ఇది మునీమ్‌ను బట్టి మారేది. ఆ ఫ్యాక్టరీల చట్టంలో జవాబు ఉండేది. దాని 57వ సెక్షన్ ప్రకారం అర్ధరాత్రి దాటి చేసిన గంటలు ముందురోజు లెక్కలోకే వచ్చేవి. రాత్రి షిఫ్టు మనిషికి వారపు సుట్టీ అంటే షిఫ్టు దిగినప్పటి నుంచి వరసగా 24 గంటలు. సాఫ్ట్‌వేర్ కూడా ఇలాగే నడుస్తుంది. షిఫ్టు ముగింపు సమయం మొదలు సమయం కంటే చిన్నదైతే, అంటే 22:00 నుంచి 6:00 అని ఇస్తే, మరుసటి రోజుకు సాగే షిఫ్టని దానికదే అర్థం చేసుకుని, మొదలైన రోజు తారీకుతోనే హాజరీ వేస్తుంది. రాత్రిని 22:00 నుంచి 23:59, 0:00 నుంచి 6:00 అని రెండు ముక్కలు చేయొద్దు. చేస్తే ఒకే మనిషికి రెండు తారీకుల్లో రెండు సగాలు పడి, రెండూ హాఫ్ డేలుగా తేలతాయి.

దీన్నుంచే ఇంకో జాగ్రత్త వస్తుంది. సి షిఫ్టు జట్టు షిఫ్ట్ అసైన్‌మెంట్‌కు (ఏ మనిషికి ఏ తేదీల్లో ఏ షిఫ్టో చెప్పే రికార్డు) ముగింపు తేదీ శనివారం అని పెట్టాలి. దిగేది ఆదివారం పొద్దున కదా అని ఆదివారం పెడితే, ఆదివారం రాత్రి కూడా వాళ్ళు ఎక్కాలన్నట్టు లెక్క. ఆ రోజు సుట్టీల జాబితాలో ఉంటే బతికిపోతాం. లేకపోతే జట్టు మొత్తానికి ఆబ్సెంట్ పడుతుంది.

రెండో వారం: సుట్టీల జాబితాలు

హాలిడే లిస్ట్‌ను జనవరి నుంచి డిసెంబరుకు కాకుండా 2025 అక్టోబరు 1 నుంచి 2026 సెప్టెంబరు 30 దాకా చేశాం. పత్తి సీజను డిసెంబరు 31 దాటి నడుస్తుంది. క్యాలెండర్ సంవత్సరంతో చేసిన జాబితా అప్పటికి అయిపోతుంది. కొత్తది పెట్టడం మరిచిపోతే జనవరి ఆదివారాలు మామూలు పనిరోజులైపోతాయి. అప్పుడు మిల్లు మూసి ఉన్న రోజున అందరికీ గైర్హాజరు పడుతుంది.

జాబితాలో వారపు సుట్టీ రోజును ఎంచి బటన్ నొక్కితే ఆదివారాలన్నీ వచ్చేస్తాయి. పండుగలు చేత్తో ఎక్కించాలి. సరిహద్దులో పని ఇక్కడే. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు, అక్టోబరు 2న వచ్చాయి కాబట్టి అక్కడ ఒకటే వరస. దీపావళికి తెలంగాణ వైపు సుట్టీ అక్టోబరు 20, మహారాష్ట్రలో లక్ష్మీపూజ సుట్టీ 21. మిల్లు మహారాష్ట్రలో ఉంది కాబట్టి జాబితాలో 21 పడింది. ఆదిలాబాద్ వైపు వాళ్ళకు 20న లీవు పెట్టుకునే వీలు విడిగా ఇచ్చారు. 2026లో ఉగాది, గుడి పాడ్వా రెండూ మార్చి 19నే కాబట్టి అక్కడ చిక్కు లేదు. మే 1 మహారాష్ట్ర దినం, ఆగస్టు 15, జనవరి 26 ఎలాగూ ఉంటాయి. ఎడ్లను పూజించే పోళా పండుగ, సెప్టెంబరు 17 మరాఠ్వాడా విముక్తి దినం మరిచిపోవద్దు. పోళా నాడు ఎడ్లున్న ఇంటి మనిషి మిల్లుకు రాడు. సుట్టీ ఇవ్వకపోయినా జట్టు సగం ఖాళీయే.

ఫిట్టర్లది వేరే జాబితా. జిన్ను ఆగే ఆదివారమే వాళ్ళకు అసలు పని, అందుకని వాళ్ళ సుట్టీ బుధవారం. ఇక్కడ తెలిసి ఉండాల్సింది ఒకటుంది. షిఫ్ట్ టైప్‌లో, అంటే ఒక్కో షిఫ్టు నియమాలు పెట్టే పేజీలో, హాలిడే లిస్ట్ అనే గడి నింపితే, సాఫ్ట్‌వేర్ ఆ జాబితానే పట్టుకుంటుంది, మనిషి రికార్డులో ఉన్నదాన్ని చూడదు. జనరల్ షిఫ్టుకు ఆదివారం జాబితా తగిలిస్తే, అదే షిఫ్టులో ఉన్న ఫిట్టరుకు బుధవారం ఆబ్సెంట్ పడుతుంది. ఆదివారం కష్టపడిన హాజరీ సుట్టీలో కలిసిపోతుంది. కాబట్టి షిఫ్ట్ టైప్‌లో ఆ గడి ఖాళీగా వదిలి, జాబితాను ఒక్కొక్క మనిషి రికార్డులో పెట్టాలి.

మూడో వారం: షిఫ్ట్ టైప్ గడులు ఒక్కొక్కటిగా

ఆటో అటెండెన్స్ (పంచ్‌లను బట్టి హాజరీ దానికదే వేయడం) టిక్కు పెట్టాక కింద చాలా గడులు తెరుచుకుంటాయి. మేం పెట్టిన విలువలు, వాటి వెనక లెక్క:

ఇన్, అవుట్‌లను ఎలా గుర్తించాలన్న చోట "ఒకదాని తర్వాత ఒకటి" అన్నదే ఎంచాం. ఇంకో దారి మెషీన్ మీద ఇన్ బటన్, అవుట్ బటన్ నొక్కించడం. దూది చేతులతో, షిఫ్టు దిగే తొందరలో అది జరిగే పని కాదు.

పని గంటల లెక్కకు "మొదటి పంచ్ నుంచి చివరి పంచ్ దాకా" పెట్టాం. బీప్ వినబడక రెండుసార్లు వేలు పెట్టేవాళ్ళు ఉంటారు. రెండో ఎంపికలో, అంటే ప్రతి ఇన్-అవుట్ జతనూ లెక్కించే పద్ధతిలో, ఆ రెండో వేలు అవుట్‌గా పడి, అక్కడి నుంచి జతలన్నీ తలకిందులవుతాయి. మేం ఎంచిన దాంట్లో మధ్య పంచ్‌లు ఎన్ని ఉన్నా నష్టం లేదు. బదులుగా విరామపు అరగంట కూడా పని గంటల్లో కలిసి కనబడుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్ తీసేయదు, ఓవర్‌టైమ్ లెక్కలో మనమే తీసేయాలి.

షిఫ్టుకు ఎంత ముందు నుంచి పంచ్ తీసుకోవాలి అన్నదానికి ముందుగా ఉండే విలువ 60 నిమిషాలు. ఏ షిఫ్టుకు దీన్ని 90 చేశాం. దూరపు ఊళ్ళ వాళ్ళు దొరికిన బండి పట్టుకుని నాలుగున్నర, నాలుగూ నలభైకే గేటు దగ్గర ఉంటారు. 60 మీద ఉంచితే 5 గంటలకు ముందు పడిన పంచ్ ఏ షిఫ్టుకూ చెందదు. ఆ మనిషికి రోజు మొత్తంలో మధ్యాహ్నపు పంచ్ ఒక్కటే మిగులుతుంది. షిఫ్టు తర్వాత ఎంతసేపు అవుట్ తీసుకోవాలన్న దానికి 120 పెట్టాం, బేళ్ళ లారీ ఆలస్యమైతే అంతసేపు ఆగాల్సి వస్తుంది కాబట్టి.

గంటల హద్దులు మొదట అనుకున్నవి: 3 గంటల లోపైతే ఆబ్సెంట్, 6 లోపైతే హాఫ్ డే. దీంట్లో ఒక మెలిక ఉంది. అవుట్ పంచ్ మరిచిపోయిన మనిషికి ఉన్నది ఒకే పంచ్ కాబట్టి గంటలు సున్నా. సున్నా 3 కంటే తక్కువ, కాబట్టి ఆబ్సెంట్. ఎనిమిది గంటలు దుమ్ములో నిలబడిన వాడికి ఇది పడకూడదు. చివరికి ఆబ్సెంట్ హద్దును సున్నాకు దించాం, హాఫ్ డే హద్దు మాత్రం 6 దగ్గరే ఉంచాం. ఇప్పుడు ఒక్క పంచ్ ఉన్నవాడు హాఫ్ డేగా కనబడతాడు. మరుసటి రోజు పొద్దున హాఫ్ డేల జాబితా తీసి, మేస్త్రీతో అడిగి, అవుట్ పంచ్ చేత్తో చేర్చాలి. చేర్చే ముందు ఆ రోజు అటెండెన్స్‌ను క్యాన్సిల్ చేయాలి. చేస్తేనే పాత పంచ్ విడుదలై, రెండూ కలిపి కొత్తగా లెక్కకొస్తాయి.

ఆలస్యానికి 10 నిమిషాల సడలింపు. లేట్ ఎంట్రీ అన్నది గుర్తు మాత్రమే, దానంతటది పగారు కోయదు. ఈ మాట జట్లకు నోటితో చెప్పించాం.

హాజరీ లెక్క ఏ తారీకు నుంచో చెప్పే ప్రాసెస్ అటెండెన్స్ ఆఫ్టర్ గడిలో నవంబరు 1. మెషీన్లు బిగించకముందటి తారీకు పెడితే, పంచ్‌లే లేని రోజులకు కూడా లెక్క వేసి అందరికీ గైర్హాజరు రాసేస్తుంది.

అసైన్‌మెంట్ లేనప్పుడు పట్టుకునే డిఫాల్ట్ షిఫ్ట్ గడి మీద కాసేపు వాదన నడిచింది. తిరిగే జట్లకు అది ఖాళీగా వదిలాం. జనరల్ అని పెట్టి ఉంచితే, ఏదో వారం అసైన్‌మెంట్ ఎక్కించడం మరిచినప్పుడు సి షిఫ్టు మనిషి చప్పుడు లేకుండా జనరల్‌లోకి జారిపోతాడు. ఖాళీ వదిలితే నెలవారీ హాజరీ షీట్‌లో వారమంతా తెల్లగా కనబడుతుంది, ఎవరో ఒకరు అడుగుతారు. వారం వారం అసైన్‌మెంట్లు సీఎస్‌వీ ఫైలుతో డేటా ఇంపోర్ట్ ద్వారా ఎక్కిస్తున్నాం. వరస ముందే ఖాయమైంది కాబట్టి నాలుగు వారాలవి ఒకేసారి తయారవుతాయి.

నాలుగో వారం: మెషీన్లు

జడ్‌కే రకం వేలిముద్ర మెషీన్లు రెండు, ఒకటి గేటు దగ్గర, ఒకటి ఆఫీసులో. జిన్ను హాలు తలుపు దగ్గర బిగించాలన్న ఆలోచన మానుకున్నాం. గాల్లో తేలే నూగు సెన్సారు గాజు మీద పేరుకుని ముద్ర పట్టదు. గేటు దగ్గర కూడా రోజుకోసారి పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. ఒక్కో మనిషికి రెండు వేళ్ళు ఎక్కించాం, రెండు చేతుల్లోంచి ఒక్కోటి. హమాలీలకు, ఫిట్టర్లకు వేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. వాళ్ళకు కార్డు.

మెషీన్‌లోని నంబరును మనిషి రికార్డులోని అటెండెన్స్ డివైస్ ఐడీ గడిలో రాయాలి. జత కుదిర్చేది ఈ నంబరే. పేరు మీద ఆధారపడొద్దు. ఇక్కడ ఒకే మనిషి పేరు ఒక కాగితంలో మరాఠీ పద్ధతిలో తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరుగా ఉంటుంది, ఇంకో కాగితంలో ఇంటిపేరు ముందొస్తుంది. నంబర్లకూ ఒక గండం ఉంది. 007 అని రాసిన దాన్ని ఎక్సెల్ 7 చేసేస్తుంది. మెషీన్‌లో 7, రికార్డులో 007 ఉంటే ఆ రెండూ సాఫ్ట్‌వేర్‌కు వేర్వేరు మనుషులు. ఉద్యోగి దొరకలేదన్న ఎర్రర్ లాగ్‌లో పడి, పంచ్ లోపలికే రాదు. అందుకని నంబర్లు 101 నుంచి మొదలుపెట్టాం. రెండో మెషీన్‌లో మళ్ళీ కొత్తగా ఎక్కించకుండా, మొదటి దాంట్లోని మనుషులను పెన్‌డ్రైవ్‌లో తీసి అందులో వేశాం. దీంతో రెండింట్లో నంబర్లు ఒకటే.

పంచ్‌లు లాగే పనికి ఫ్రాపే వాళ్ళ బయోమెట్రిక్ సింక్ టూల్ ఆఫీసు కంప్యూటరులో నడుస్తోంది. మెషీన్ల ఐపీ అడ్రసులు మారకుండా స్థిరంగా పెట్టాలి, పోర్టు 4370. టూల్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలులో పుల్ ఫ్రీక్వెన్సీ (ఎంతసేపటికోసారి లాగాలి) 10 నిమిషాలు, పంచ్ డైరెక్షన్ ఆటో. లాగిన తర్వాత మెషీన్‌లో చెరిపేసే ఎంపిక ఆపి ఉంచాం. మెషీన్‌లో అసలు ప్రతి ఉన్నంతకాలం ఏ తప్పునైనా దిద్దుకోవచ్చు.

పంచ్ సమయం మెషీన్ గడియారానిదే, సర్వరుది కాదు. గడియారం పది నిమిషాలకు మించి ముందుకు పోతే, సరిగ్గా టైముకు వచ్చినవాళ్ళకు కూడా లేట్ గుర్తు పడుతుంది. ప్రతి సోమవారం రెండు మెషీన్ల టైము సరిచూడటం వాచ్‌మన్ పనుల్లో రాయించాం.

నవంబరు: నడిపి చూసినప్పుడు

మొదట కనబడిన తేడా సి షిఫ్టులో. ఏ, బి హాజరీలు వస్తున్నాయి. సి పంచ్‌లు లోపలికి వస్తున్నా హాజరీ మాత్రం తయారవడం లేదు. కారణం కాన్ఫిగ్ ఫైలులో షిఫ్టులకూ మెషీన్లకూ జత చెప్పే భాగంలో ఉంది. ప్రతి షిఫ్ట్ టైప్‌కూ "లాస్ట్ సింక్ ఆఫ్ చెకిన్" అని ఒక సమయం ఉంటుంది. షిఫ్టు అయిపోయి, దాని తర్వాతి 120 నిమిషాలూ గడిచి, ఈ సమయం వాటిని దాటితేనే లెక్క మొదలవుతుంది. టూల్ ఈ సమయాన్ని జరిపేది ఆ జత జాబితాలో ఉన్న షిఫ్టులకే. సి పేరు అక్కడ ఒక ఖాళీ జాగాతో వేరుగా పడింది. పేరు అక్షరం తేడా లేకుండా రాయగానే ఆగిన హాజరీలన్నీ వచ్చాయి.

ఈ లాస్ట్ సింక్ గడిని చేత్తో ఎప్పుడూ ముందుకు జరపొద్దు. రాత్రి నెట్ పోయినప్పుడు పంచ్‌లు మెషీన్‌లోనే ఉంటాయి, లాస్ట్ సింక్ కదలదు, హాజరీ ఆగుతుంది. నెట్ వచ్చాక అన్నీ సర్దుకుంటాయి. "హాజరీ రాలేదేంటి" అని తొందరపడి ఆ గడిలో ఇప్పటి టైము పెట్టి మార్క్ అటెండెన్స్ నొక్కితే, పంచ్‌లు చేరలేదు కాబట్టి జట్టంతా ఆబ్సెంట్. అలా జరిగితే ఆ ఆబ్సెంట్‌లన్నీ క్యాన్సిల్ చేసి, సింక్ పూర్తయ్యాక మళ్ళీ నొక్కాలి. ఈ గడి మార్చే హక్కును ఒక్కరికే పరిమితం చేశాం.

రెండోది: కొత్తగా చేరినవాళ్ళకు పంచ్ ముందు, అసైన్‌మెంట్ తర్వాత పడింది. పంచ్ లోపలికి వచ్చిన క్షణంలోనే దానికి షిఫ్టు అతుక్కుంటుంది. అప్పటికి అసైన్‌మెంట్ లేకపోతే షిఫ్టు గడి ఖాళీగానే ఉండిపోతుంది. ఆ పంచ్‌లు తెరిచి ఫెచ్ షిఫ్ట్ నొక్కితే సరి. అయినా మంచి పద్ధతి, వేలిముద్ర తీసుకునే ముందే అసైన్‌మెంట్ ఎక్కించడం.

ఇదే నెల 21న ఫ్యాక్టరీల చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. అందులో పని రోజుకు 8 గంటలు, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు. మా షిఫ్టులు 8 దాటవు కాబట్టి ఏ గడీ మార్చాల్సిన పని పడలేదు.

ఫిట్టర్ల టైమ్‌షీట్

ఫిట్టర్లకు హాజరీ ఒక్కటే సరిపోదు. ఏ జిన్ను మీద ఎన్ని గంటలు పోయాయో కావాలి. యాక్టివిటీ టైప్‌లు (పని రకాలు) నాలుగే పెట్టాం: రోలర్ మార్చడం, రోలరుకు గాడి తీయడం, కత్తి సెట్టింగు, ప్రెస్ మరమ్మతు. ఇరవై రకాలు పెడితే అందరూ మొదటిదే ఎంచుతారు. ఒక్కో జిన్నును ఒక్కో ప్రాజెక్టుగా పెట్టాం, అప్పుడు సీజను చివర ఏ జిన్ను ఎంత పని తిన్నదో తెలుస్తుంది.

ఒకే మనిషికి రెండు వరసల సమయాలు ఒకదాని మీద ఒకటి పడితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఈ అడ్డును తీసేసే టిక్కు ప్రాజెక్ట్స్ సెట్టింగ్స్‌లో ఉంది కానీ మేం పెట్టలేదు. ఒక జిన్ను పని మధ్యలో వదిలి ఇంకోదానికి పోతే రెండు ముక్కలుగానే రాయాలి. గాడి తీసే పని పదేపదే ఆగుతోందంటే, ఆపుతున్నది ఎవరో ఆ ముక్కలే చెబుతాయి.

నెలాఖరు లెక్క

షిఫ్ట్ అటెండెన్స్ రిపోర్టు తీసి ఓవర్‌టైమ్ లెక్క కట్టాం. రిపోర్టులోని పని గంటలను నేరుగా పట్టుకోకూడదు. పొద్దున 4.40కే వచ్చి గేటు దగ్గర కూర్చున్న మనిషికి, 2 గంటలకు దిగినా, 9 గంటల 20 నిమిషాలు చూపిస్తుంది. అవుట్ సమయంలోంచి షిఫ్టు ముగింపు సమయం తీసేసి, ఎక్కువసేపు ఆపినట్టు మేస్త్రీ చీటీ ఉందో లేదో చూసి, అప్పుడు వారం మొత్తం కూడాలి. చీటీ లేకుండా 20 నిమిషాలు దాటిన అవుట్‌లు ఉంటే మేస్త్రీని అడుగుతున్నాం, కొట్టేయడం లేదు.

మిగిలిన పనులు: జనవరి అసైన్‌మెంట్ల ఫైలు, ఆఫీసు మెషీన్‌కు బ్యాటరీ బ్యాకప్, మేస్త్రీ చీటీ పుస్తకాన్ని తెలుగు, మరాఠీ రెండింట్లో అచ్చు వేయించడం. చేతి హాజరీ బుక్కు డిసెంబరు చివరి దాకా పక్కన నడుస్తుంది. ప్రతి శనివారం రెండూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన పేర్ల మీద గీత గీసి మేస్త్రీకి ఇస్తున్నాం.